జీతం నుంచి డిపాజిట్ దాకా: రాజమహేంద్రవరంలో చదువు చెల్లింపుల పేర్లు, వాటి చుట్టూ అపార్థాలు

వ్యాససంగ్రహం:
కళాశాలలో చేరేటప్పుడు చెల్లించే సొమ్ము విషయంలో విద్యార్థుల తల్లిదండ్రులకూ కళాశాల కార్యాలయాలకూ మధ్య వచ్చే వివాదాలను సాధారణంగా తల్లిదండ్రుల అవగాహనలేమిగా భావిస్తుంటారు. గోదావరి డెల్టాలో, ముఖ్యంగా రాజమహేంద్రవరం కేంద్రంగా, గత రెండు శతాబ్దాలలో చదువు కోసం చేసిన చెల్లింపులకు వాడిన పదాలను చారిత్రకంగా పరిశీలిస్తే ఈ అభిప్రాయం సరికాదని తెలుస్తుంది. దక్షిణ, జీతం, శుల్కం, రుసుము, విరాళం, ధరావతు అనే పదాలలో ప్రతిదానికీ ఇచ్చే వేళ, పుచ్చుకొనే హక్కు, తిరిగివచ్చే అవకాశం వేరువేరుగా ఉన్నాయి. సొమ్ము పుచ్చుకొనేవారు ఒక పదం అర్థంలో పుచ్చుకొంటే, ఇచ్చేవారు మరొక పదం అర్థంలో ఇచ్చారు. ఆ తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాజమహేంద్రవరం, విద్యాచరిత్ర, జీతం, శుల్కం, ధరావతు, రేట్ స్కూళ్ళు, క్యాపిటేషన్ ఫీజు, ఫీజు రీయింబర్స్‌మెంట్.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్ళ కిందట ప్రవేశాల కాలంలో ఒక కళాశాలలో సహాయ కేంద్రం బల్ల దగ్గర కూర్చునే పని ఈ వ్యాసకర్తకు పడింది. కోనసీమ నుంచి ఒక కౌలు రైతు కొడుకును వెంటబెట్టుకొని వచ్చారు. అబ్బాయి అంతకు నెల ముందే వేరే ప్రైవేటు కళాశాలలో చేరాడు. ఇప్పుడు ఇక్కడ సీటు వచ్చింది కాబట్టి మారాలనుకొంటున్నాడు. పాత కళాశాల టీసీ ఇవ్వలేదు, కట్టిన సొమ్మూ ఇవ్వలేదు. ఆయన జేబులోంచి మడతలు పడిన రెండు రసీదులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకదానిమీద ‘అడ్మిషన్ ఫీ’ అనీ, రెండవదానిమీద ‘డిపాజిట్’ అనీ ఉన్నాయి.

“డిపాజిట్ అన్నారు కదండీ. డిపాజిట్ అంటే తిరిగొచ్చేదే కదండీ మేష్టారూ?” అన్నారాయన.

నేను ఆ కళాశాలకు ఫోను చేశాను. గుమాస్తా ఎంతో మర్యాదగా, “అది సీటు ఆపడానికి కట్టించుకొన్నదండి, అడ్వాన్సు లాంటిది. మానేస్తే రాదండి” అన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకే కాగితాన్ని ఇద్దరు రెండు భాషలలో చదివారు. ఆ రెండు భాషలూ తెలుగే కావడం నన్ను ఆలోచింపజేసింది.

చట్టం ఏం చెబుతుందో చివరలో చూద్దాం. దానికన్నా ముందు ఆ రైతు ‘డిపాజిట్’ను తిరిగివచ్చే సొమ్ముగా ఎందుకు అనుకొన్నారో, గుమాస్తా దానిని తిరిగిరానిదిగా ఎందుకు చెప్పగలిగారో తెలియాలి. అందుకు ఈ ప్రాంతపు చదువుల చరిత్రలో కొంత వెనక్కి వెళ్ళక తప్పదు.

2. రుసుము లేని కళాశాలలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1823లో రాజమండ్రి కలెక్టరు పంపిన నివేదికలో ఆ జిల్లాలో 279 కళాశాలలు, వాటిలో 1,454 మంది విద్యార్థులు ఉన్నట్టు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలు పంపిన లెక్కలలో కళాశాలల విషయంలో ఇదే పెద్ద సంఖ్య. ధర్మపాల్ 1983లో ప్రచురించిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ ద్వారా ఈ లెక్కలు నేటి పాఠకులకు చేరాయి. సగటున ఒక్కొక్క ‘కళాశాల’కు ఐదారుగురు విద్యార్థులే ఉన్నారన్నది గమనించాలి. నిజానికి అవి వేదమో, శాస్త్రమో చెప్పే పండితుల ఇళ్ళు. చదువుకొన్నవారు దాదాపు అందరూ బ్రాహ్మణులే. ఈ రెండు సంగతులూ వదిలేసి ఆ 279 సంఖ్యను మాత్రమే గర్వంగా ఉటంకించడం మన వ్యాసాలలో పరిపాటి అయింది.

ఈ చర్చకు అవసరమైన అంశం మరొకటి. ఆ పండితులలో 69 మందికి భూమి మాన్యాలు, 13 మందికి పూర్వపు జమీందారులు ఏర్పరచిన నగదు భత్యాలు ఉన్నాయని నాటి నివేదిక చెబుతోంది. అంటే ఆ చదువు ఖర్చును విద్యార్థి కుటుంబం భరించలేదు. మాన్యం ఇచ్చినవారు, ఆ భూమిని దున్నినవారు భరించారు. విద్యార్థి తిండి ఖర్చును ఊరు పంచుకొనేది. వారాలు చేసుకొని చదువుకోవడమనే ఆచారం గోదావరి జిల్లాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం వరకూ బతికే ఉంది. వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం. ఈనాటి లెక్కలో చెప్పాలంటే హాస్టలు ఫీజును ఏడు ఇళ్ళు పంచుకొన్నట్టు. శిష్యుడు గురువుకు ఇచ్చేది దక్షిణ. చదువు అయ్యాక, శక్తి కొద్దీ ఇచ్చేది.

అక్షరాలూ లెక్కలూ నేర్పే వీధిబడి సంగతి వేరు. అక్కడ పంతులుకు మాన్యం లేదు. ధాన్యం, బట్ట, పండుగనాటి డబ్బులే ఆధారం. దసరాలో పిల్లలు గిలకలు, బాణాలు పట్టుకొని, పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవారు. వెనకాల పంతులుగారు నడిచేవారు. ఇచ్చేది స్వచ్ఛందమే, ఎంతివ్వాలన్న నియమం లేదు. అయితే పదిమంది పిల్లలు గుమ్మంలో నిలబడి పాడుతుంటే ఇవ్వకుండా తలుపు వేసుకోగల గృహస్థు ఎవరు? చదువు చెల్లింపులలో ‘స్వచ్ఛందం’ అనే మాటకు మొదటినుంచీ ఈ గుమ్మం ముందరి ఒత్తిడి అంటుకొనే ఉంది.

3. ఒప్పుకొన్నదెవరు? గోదావరి రేట్ స్కూళ్ళు

1854 నాటి ఉడ్ డెస్పాచ్ సహాయక నిధులు పొందే బడులలో ఎంత కొద్దిదైనా సరే రుసుము వసూలు చేయాలని చెప్పింది. పూర్తిగా ఉచితంగా ఇచ్చిన చదువుకు విలువ ఉండదన్నది దాని వాదన. ఇదే కాలంలో రాజమండ్రి జిల్లాలో ఇంకొక ప్రయోగం జరిగింది. విద్యాచరిత్ర గ్రంథాలలో ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టే ఈ ప్రయోగాన్ని కొంచెం నిలబడి చూడాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు పారిన చోట పంట పెరిగింది, చేతిలో కొంత నగదు ఆడింది. సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురంలోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనూ బడులు పెట్టించాడు. నరసాపురంలో టేలర్ పేరున ఉన్న ఉన్నత పాఠశాల ఆ జ్ఞాపకమే. తర్వాత ఆ పథకం పల్లెలకు పాకింది. బడి ఖర్చుకు రైతులు తమ భూమి శిస్తుతోపాటు అదనంగా కొంత చెల్లించడానికి ‘ఇష్టపూర్వకంగా’ ఒప్పుకొన్నారని ప్రభుత్వ వర్గాలు రాసుకొన్నాయి. ఇవే రేట్ స్కూళ్ళు.

చదువు కావాలని రైతులే ముందుకొచ్చి పన్ను కడుతున్నారన్న వార్త ఆనాటి పాలకులను మురిపించింది. కానీ ఇక్కడ వేయవలసిన ప్రశ్న ఒకటుంది. ఒప్పుకొన్నది ఎవరు, ఎవరి ముందు? శిస్తు నిర్ణయించే అధికారి, శిస్తు తగ్గింపు ఇవ్వగల అధికారి వచ్చి ‘బడికి కొంత ఇస్తారా?’ అని అడిగితే రైతు నోట వచ్చే ‘చిత్తం’ అన్న మాటను సమ్మతిగా లెక్కించవచ్చునా? మునసబు, కరణం, పెద్దరైతు తల ఊపితే అది ఊరందరి సమ్మతి అయిందా? పిల్లలను బడికి పంపని, పంపే అవకాశమే లేని చిన్న రైతు కూడా భూమి ఉన్నందుకు ఈ సొమ్ము కట్టాడు. అతనికి అది శిస్తులో ఒక భాగం. అధికారి లెక్కలో అది విద్యాదానం. ఇది నా అనుమానమే అయినా, ఇలాంటి అనుమానం ఆ కాలంలోనే లేకపోలేదు. ప్రభుత్వాధికారులు చందాలు అడుగుతూ తిరగడం వల్ల విద్యాశాఖకే అప్రతిష్ఠ వస్తోందని, దానికన్నా చట్టబద్ధమైన పన్ను మేలని 1859 నాటి స్టాన్లీ డెస్పాచ్ అభిప్రాయపడింది.

1863లో మద్రాసు ఎడ్యుకేషన్ యాక్టు వచ్చింది. రేట్ స్కూళ్ళ వసూలుకు చట్టం నీడ కల్పించడం దాని ఉద్దేశం. స్వచ్ఛందంగా ఇస్తున్న సొమ్ముకు వసూలు చట్టం ఎందుకు అవసరమైందన్న ప్రశ్నలోనే దాని జవాబు ఉంది. ఆ చట్టం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1871 నాటి లోకల్ ఫండ్స్ యాక్టుతో పల్లె బడుల భారం స్థానిక నిధుల మీదికి మారింది. ‘ఇష్టపూర్వకం’ అని మొదలైన చెల్లింపు పదిహేనేళ్ళలో పన్నుగా స్థిరపడింది. పేరు మాత్రమే మారిందని, స్వభావం మొదటినుంచీ అదేనని రైతు అనుకొని ఉంటే అతనిది అపార్థమనలేం.

4. బడి జీతం, కాలేజీ జీతం

రాజమండ్రిలో 1853లో జిల్లా పాఠశాలగా మొదలైన సంస్థ 1873లో కళాశాల స్థాయికి ఎదిగింది. మెట్కాఫ్ ప్రిన్సిపాలుగా, కందుకూరి వీరేశలింగం తెలుగు పండితులుగా ఉన్న కళాశాల అదే. నేటి ప్రభుత్వ స్వయంప్రతిపత్తి కళాశాల దాని కొనసాగింపు. ఇక్కడ విద్యార్థి కట్టే సొమ్ముకు పాతతరం తెలుగులో ఉన్న పేరు ‘జీతం’. బడి జీతం, స్కూలు జీతం, కాలేజీ జీతం. ‘ఈ నెల జీతం కట్టలేదని పిల్లవాణ్ణి బయట నిలబెట్టారు’ అనే తరహా వాక్యం నా అమ్మమ్మ తరం వారికి సహజమైనది. నేటి విద్యార్థులకు ఈ మాట చెబితే నవ్వుతారు. జీతం అంటే ఇచ్చేది మేష్టారికి కదా, కట్టేది విద్యార్థి ఎలా అవుతాడని వారి సందేహం.

సరిగ్గా ఆ సందేహంలోనే ఈ మాట చరిత్ర ఉంది. బ్రౌన్ నిఘంటువులో జీతం అంటే పనికి ఇచ్చే ప్రతిఫలం, కూలి, వేతనం. వీధిబడిలో తండ్రి ఇచ్చినది నేరుగా పంతులు చేతికి వెళ్ళేది. అది నిజంగానే పంతులు జీతం. సర్కారు కళాశాలలో ఉపాధ్యాయుడికి జీతం ఇచ్చేది ప్రభుత్వం, విద్యార్థి కట్టేది ఖజానాకు వెళ్ళే ఫీజు. కానీ తండ్రి మాత్రం పాత పేరునే కొనసాగించాడు. పేరుతోపాటు దాని న్యాయమూ వెంట వచ్చింది. పని జరిగాక ఇచ్చేది జీతం. పాలేరు నెల మధ్యలో మానేస్తే అంతవరకు లెక్కకట్టి ఇస్తారు. రాని రోజులకు ఇవ్వరు. పిల్లవాడికి జ్వరం వచ్చి నెల్లాళ్ళు బడికి వెళ్ళకపోతే ఆ నెల జీతం ఎందుకు కట్టాలన్న ప్రశ్న ఈ న్యాయం నుంచి పుట్టిందే. ఫీజు న్యాయం వేరు. అది పేరు నమోదైనందుకు కట్టేది, హాజరుకు కట్టేది కాదు. ముందుగా కట్టేది, తర్వాత కాదు. కార్యాలయం ఫీజు అడిగింది, తండ్రి జీతం కట్టాడు. ఇద్దరి మధ్యా మారిన నాణెం ఒక్కటే.

ముస్లిం విద్యార్థులకు, వెనుకబడినవిగా గుర్తించిన కులాల వారికి అర్ధ జీతం ఉండే ఏర్పాటు మద్రాసు విద్యా నియమావళిలో ఉండేది. దీనిపై విడిగా పరిశోధన జరగాలి. రాయితీ పొందినవాడి పేరు పక్కన ‘సగం’ అని రాసే అలవాటు తరగతి గదిలో ఏ భావాన్ని కలిగించిందో మన ఆత్మకథలు పెద్దగా చెప్పవు, ఎందుకంటే వాటిని రాసినవారిలో ఎక్కువమంది ఆ సగం వరుసలో నిలబడినవారు కారు.

మిగిలిన రెండు పదాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ‘రుసుము’ అరబ్బీ మూలం నుంచి రెవెన్యూ భాష ద్వారా తెలుగులోకి వచ్చింది. గ్రామోద్యోగులు, దేశముఖులు మొదలైనవారికి ఆనవాయితీగా దక్కే వాటాను అలా పిలిచేవారు. దానిలో ప్రధానమైనది ఆనవాయితీ, అంటే ఎందుకని అడగకుండా ఇచ్చేది. ‘శుల్కం’ సంస్కృతం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో శుల్కాధ్యక్షుడు నగరద్వారం దగ్గర సుంకం వసూలు చేసే అధికారి. అది గుమ్మం దాటడానికి ఇచ్చే సొమ్ము. లోపలికి వెళ్ళాక సరుకు అమ్ముడుపోలేదని శుల్కం వెనక్కి రాదు. ప్రభుత్వ తెలుగులో ప్రవేశ రుసుము, పరీక్ష రుసుము అని మనం ఇవాళ రాస్తున్న మాటలలో రుసుము పేరు పెట్టుకొన్న శుల్కమే ఉంది.

శుల్కం అనగానే గోదావరి దాటి విజయనగరం వైపు చూడక తప్పదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెరిగిన రూపం పొందిన ‘కన్యాశుల్కం’ ఆడపిల్లకు కట్టే వెల గురించిన నాటకమని అందరికీ తెలుసు. అందులో మగపిల్లవాడి చదువుకు కట్టే వెల గురించిన చర్చ కూడా అంతే బలంగా ఉంది. వెంకటేశం ఇంగ్లీషు చదువు ఖర్చు తలచుకొని అగ్నిహోత్రావధాన్లు మండిపడితే, తల్లి వెంకమ్మ తనకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి అమ్మి అయినా కొడుకును చదివిస్తానంటుంది. పుస్తకాల జాబితాతో డబ్బు రాబట్టే గిరీశానికి ఆ తల్లి ఆశే పెట్టుబడి. చదువుకు ఏది ఎంత అవుతుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం మీద ఆ మోసం నడుస్తుంది. తల్లి సొమ్ము, చదువు ఖర్చు అనే ఈ జోడీ మళ్ళీ నూటపాతికేళ్ళ తర్వాత వేరే రూపంలో తిరిగివస్తుంది.

5. విరాళం అనే పేరు

ఆంధ్రప్రదేశ్ 1983లో ఐదవ నంబరు చట్టంగా విద్యాసంస్థలలో ప్రవేశాల క్రమబద్ధీకరణ, క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టాన్ని చేసింది. చట్టం ప్రకారం ప్రభుత్వం నిర్ణయించిన రుసుముకు మించి వసూలు చేసే ఏ మొత్తమైనా క్యాపిటేషన్ ఫీజే. పేరుతో పనిలేదు. ఈ నిర్వచనం రాసినవారు పేర్ల మాయను బాగా ఎరిగినవారై ఉండాలి. సంస్థ అభివృద్ధికి ప్రజల నుంచి, ధర్మసంస్థల నుంచి సద్భావంతో వచ్చే విరాళాలను స్వీకరించడానికి మాత్రం అదే చట్టం వీలు ఉంచింది. సద్భావం ఎక్కడ ఆగి ఒత్తిడి ఎక్కడ మొదలవుతుందో తేల్చడం టేలర్ కాలంలో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం. మన వాడుకలో ‘డొనేషన్ కట్టి చేరాడు’ అన్న వాక్యం ఆ కష్టాన్ని ఒక్క క్రియతో తేల్చేసింది. విరాళం ఇస్తారు, కట్టరు. కట్టేది పన్ను, అప్పు, ఫీజు. ఇంగ్లీషు మాటను యథాతథంగా ఉంచి, క్రియను మాత్రం తనదిగా పెట్టిన తెలుగువాడికి తానేం చేస్తున్నాడో స్పష్టంగా తెలుసు.

1992లో ఈ చట్టానికి సవరణ చేసి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో సగం సీట్లను యాజమాన్యాలు నింపుకొనే వీలు కల్పించారు. అదే ఏడాది 12 వైద్య కళాశాలలకు, 8 దంతవైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు ఫుల్ బెంచి కొట్టివేసింది. ఆ పరిణామాలతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి నుంచి తప్పుకొన్నారు. చదువు రుసుము వ్యవహారం ఒక ముఖ్యమంత్రి పదవిని తీసిన సందర్భం మన రాజకీయ చరిత్రలో ఇది. 1993 ఫిబ్రవరి 4న ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తేల్చి, వృత్తివిద్యా కళాశాలలకు ఒక పథకాన్ని రూపొందించింది. సీట్లలో సగం ‘ఫ్రీ’, సగం ‘పేమెంటు’. 2002లో టీఎంఏ పాయ్ తీర్పుతో ఆ పథకం రద్దయింది. 2003 నాటి ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో రుసుము నిర్ణయ కమిటీలు వచ్చాయి, 2005 నాటి ఇనాందార్ తీర్పు ప్రవేశాలలో రాష్ట్రం జోక్యానికి హద్దులు గీసింది.

తీర్పులు పోయాయి గాని మాటలు మిగిలాయి. ‘ఫ్రీ సీటు’ అన్న మాట రద్దయిన పథకంతో చచ్చిపోలేదు. తర్వాత కన్వీనర్ కోటా సీటుకు ఆ పేరు అతుక్కొంది. కన్వీనర్ కోటా అంటే ప్రవేశపరీక్ష ర్యాంకు ద్వారా, నిర్ణీత రుసుముతో వచ్చే సీటు. అది ఉచితం కాదు. పేమెంటు సీటుకు ఎదురుగా నిలబెట్టినప్పుడు తక్కువ చెల్లించేది మాత్రమే. ‘మా వాడికి ఫ్రీ సీటు వచ్చింది’ అని ఊరంతా మిఠాయి పంచిన ఇంటికి తొలిరోజే ఫీజుల పట్టిక రావడం గోదావరి జిల్లాల్లో రెండు తరాలు చూసిన దృశ్యం.

6. రీయింబర్స్‌మెంట్: ముందు కట్టాలా, వద్దా?

2008 ప్రాంతంలో అమలులోకి వచ్చిన పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఈ ప్రాంతపు విద్యా జీవితాన్ని మార్చిందన్నది కాదనలేని నిజం. కూలి కుటుంబాల నుంచి ఇంజనీర్లు వచ్చారు. నా తరగతులలో ఇవాళ కూర్చొన్నవారిలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారు. అయినా ఆ పేరు మొదటినుంచీ గందరగోళాన్నే మోసింది. రీయింబర్స్ చేయడమంటే ముందు కట్టినవాడికి తిరిగి ఇవ్వడం. పథకం మొదటి రూపంలో విద్యార్థి కట్టడు, ప్రభుత్వం కళాశాలకు నేరుగా ఇస్తుంది. అంటే పేరు ఒకటి, పని ఒకటి. ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యమైనప్పుడు కళాశాలలు ఆ పేరునే అక్షరాలా తీసుకొన్నాయి. ‘ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అన్నాయి. అప్పుచేసి కట్టిన తండ్రికి ఆ సొమ్ము తిరిగిరావలసినది. కళాశాలకు అది పాత బకాయి కింద జమ. పరీక్ష హాల్‌టికెట్టు, చివరకు టీసీ ఈ రెండు లెక్కల మధ్య తాకట్టు వస్తువులయ్యాయి.

2020లో వచ్చిన జగనన్న విద్యాదీవెన, మరుసటి ఏడు నుంచి ఈ సొమ్మును విడతలుగా తల్లుల బ్యాంకు ఖాతాలలో వేసింది. తల్లి తీసి కళాశాలకు కట్టాలి. కాగితం మీద ‘రీయింబర్స్‌మెంట్’కు కొంత దగ్గరగా వచ్చిన ఏర్పాటు ఇది. కళాశాల దగ్గర తల్లికి ప్రశ్నించే అధికారం వస్తుందన్న వాదన వెనక ఉంది, అందులో బలమూ ఉంది. కళాశాలలు కోర్టుకెళ్ళాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు సొమ్మును కళాశాలల ఖాతాలలోనే వేయాలని తీర్పునిచ్చింది. అయినప్పటికీ తర్వాతి విడతలూ తల్లుల ఖాతాలకే వెళ్ళాయి. తర్వాత తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతాలన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కళాశాలలకే చెల్లించే పద్ధతికి వచ్చారు.

ఇందులో ఏది మేలన్నది నా విషయం కాదు. ఆ ఖాతాలో పడిన సొమ్ము ఎవరిది అన్న ప్రశ్నే ముఖ్యం. ప్రభుత్వం దానిని తల్లికి ఇచ్చిన దీవెన అంది. కళాశాల దానిని తనకు రావలసిన ఫీజు అంది. డ్వాక్రా అప్పు, ఎరువుల దుకాణం బాకీ ఉన్న ఇంట్లో తల్లి ఖాతాలో సొమ్ము పడితే ఆమె దానిని ఏమనుకోవాలి? ‘దీవెన’ అన్న మాటను నమ్మి ఇంటి అవసరానికి వాడుకొన్న తల్లిని నేరస్థురాలిగా చూపించే ధోరణి అప్పట్లో కొందరు సహాధ్యాపకులలోనూ కనిపించింది. వెంకమ్మ తన భూమి అమ్మి ఫీజు కడతానంటే త్యాగమన్న మనం, ఈ తల్లిని మాత్రం లెక్క తెలియనిదన్నాం.

7. డిపాజిట్

ఇక ఆ రైతు రసీదు దగ్గరికి వద్దాం. తెలుగులో ‘డిపాజిట్’కు ఎన్ని అర్థాలున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటిది బ్యాంకు డిపాజిట్. అది వడ్డీతో తిరిగివస్తుంది. పాత తెలుగులో దీని దగ్గరి బంధువు ఇల్లడ, అంటే నమ్మి దాచుకోమని ఇచ్చిన వస్తువు. కేతన పదమూడవ శతాబ్దంలో తెనిగించిన ‘విజ్ఞానేశ్వరీయం’ వంటి ధర్మశాస్త్ర గ్రంథాలలో నిక్షేపం ఒక వ్యవహారపదం. దాచుకొన్నవాడు తిరిగివ్వకపోతే అది నేరం. రెండవది ఎన్నికల డిపాజిట్. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే పోతుంది. ‘ధరావతు గల్లంతు’ అని పత్రికలు ప్రతి ఎన్నికలలో రాస్తాయి. మూడవది గ్యాసు, కరెంటు కనెక్షన్లకు కట్టేది. సూత్రప్రకారం తిరిగిరావాలి, కానీ ఎవరూ అడగరు. కళాశాలల కాషన్ డిపాజిట్ ఈ కోవలోది.

నాలుగవ అర్థం బేరానికి సంబంధించినది. పొలమో, పశువో కొనేటప్పుడు మాట ఖాయం చేయడానికి ఇచ్చే సొమ్మును బయానా, అడ్వాన్సు అంటాం. దీనికి అచ్చమైన పాత మాట సంచకరువు. సంస్కృతంలో సత్యంకారం, అంటే మాటను సత్యం చేసేది. కొనేవాడు వెనక్కి తగ్గితే సంచకరువు పోతుంది. పాత కళాశాల గుమాస్తా చెప్పినది ఈ అర్థమే. రసీదు మీద ‘డిపాజిట్’ అని అచ్చువేసి, మనసులో సంచకరువు ఉంచుకొన్నారు. రైతు ఆ మాటను ఇల్లడగా చదివారు. పొలం బేరంలో ఆయన ఈ రెండింటినీ ఒక్కనాడూ కలగలపరు. అక్కడ మాట తెలుగులో ఉంటుంది కాబట్టి.

విదేశాలకు వెళ్ళే విద్యార్థుల విషయంలో ఈ చిక్కు ఇంకొంత బిగుస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరంల నుంచి అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి వెళ్ళేవారికి అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు ‘ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్’ కట్టమంటాయి. చేరితే అది మొదటి సెమిస్టరు బిల్లులో సర్దుబాటవుతుంది, చేరకపోతే సాధారణంగా తిరిగిరాదు. వీసా రాకపోతే ఏమిటన్నది ఒక్కొక్క చోట ఒక్కొక్క నియమం. రెండు మూడు విశ్వవిద్యాలయాలకు కట్టి, వీసా వచ్చాక ఒకటి ఎంచుకోవచ్చు, మిగిలినవి డిపాజిట్లే కదా అనుకొన్న ఇళ్ళు నాకు తెలుసు. అక్కడి వాడుకలో ఆ మాటకు సంచకరువు అర్థం స్పష్టంగా ఉంది. ఇక్కడ ఆ ఫారం చదివిన ఇంట్లో బ్యాంకు అర్థం బలంగా ఉంది.

చట్టం వైపు చూస్తే యూజీసీ 2007లోనే తరగతులు మొదలుకాకముందు మానేసిన విద్యార్థికి వెయ్యి రూపాయలకు మించని ఖర్చు మినహాయించుకొని మిగిలినదంతా తిరిగివ్వాలని చెప్పింది. 2018 అక్టోబరు ప్రకటన అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోరాదని చెబుతూ, ప్రవేశాల చివరి తేదీని గీటుగా పెట్టుకొని తిరుగు చెల్లింపు మెట్లను ఏర్పరచింది. ఆ తేదీకి పదిహేను రోజుల ముందే మానేస్తే మొత్తం, తర్వాత క్రమంగా 90, 80, 50 శాతం, తేదీ దాటి నెల గడిస్తే ఏమీ లేదు. కాషన్ డిపాజిట్ మాత్రం పూర్తిగా తిరిగివ్వాలి. నియమం బాగుంది. అయితే దాని ఇరుసు ‘ప్రకటించిన చివరి తేదీ’. కౌన్సెలింగు విడతలు పొడిగిస్తూ పోయే మన రాష్ట్రంలో ఆ తేదీ ఏదో రసీదు మీద ఉండదు. పైగా ఆ ప్రకటన ఇంగ్లీషులో ఉంది, రసీదూ ఇంగ్లీషులోనే ఉంది.

ఆ రోజు ఆ రైతు తరఫున పాత కళాశాలకు ఒక దరఖాస్తు నేనే తెలుగులో రాశాను. ‘డిపాజిట్’ దగ్గర ఆగి, దానికి బదులు ఏ మాట వాడమంటారని ఆయననే అడిగాను. కాస్త ఆలోచించి, “సీటు దొరికేదాకా మీ దగ్గర ఉంచమని ఇచ్చిన సొమ్మని రాయండి” అన్నారు. అలాగే రాశాను. దరఖాస్తు మూడు రోజులకు వెనక్కి వచ్చింది, ఇంగ్లీషులో రాసి తెమ్మన్నారట. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ వాక్యం మొత్తానికీ బదులుగా మళ్ళీ ‘డిపాజిట్’ అనే ఒక్క మాటే వచ్చి కూర్చుంది. టీసీ మూడు వారాలకు అందింది. ‘అడ్మిషన్ ఫీ’ రసీదు తాలూకు సొమ్ములో కొంత వచ్చింది. రెండవ రసీదు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.